ముక్కక్క కుర్చీ

మా గదిలో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. ముక్కక్క అనేవాళ్ళం, ఆమె ఎదురుగా కూడా. మొదట్లో ఎవరో వెక్కిరింతగా పెట్టిన పేరే అయినా, ఆమె దాన్ని బిరుదులా తీసుకుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వాడిన వస్తువులకు ముక్కు ఆనించి తీర్పు చెప్పడం ఆమె ఉద్యోగం. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని బయట చెబితే నవ్వుతారు. చేరిన కొత్తలో నేనూ నవ్వాను. ఆమె నన్ను ఒక్క చూపు చూసింది. ఆ తర్వాత ఆ గదిలో ఉన్నంతకాలం ఆ విషయానికి నవ్వలేదు.

మాది గేమ్ సెట్లు వెనక్కి వచ్చే చోటు. రెండు చేతులతో పట్టుకుని ఆడుకునే సెట్లు, మధ్యలో తెర, అటూ ఇటూ బొత్తాలు. చూడటానికి పలకంత ఉంటాయి గానీ లోపల పెద్ద కంప్యూటరుకున్నంత వేడి పుడుతుంది. ఆ వేడిని బయటికి తోలడానికి లోపల చిన్న ఫ్యాను, పై అంచున సన్నటి గాలి సందు. ఆట జోరందుకున్నప్పుడు ఆ సందులోంచి వెచ్చటి గాలి వస్తుంది. కొత్త ప్లాస్టిక్కు, జిగురు, వేడెక్కిన లోహం, ఇవన్నీ కలిసిన వాసన ఆ గాలికి ఉంటుంది. కొన్నవాళ్ళలో కొందరికి ఆ వాసన పిచ్చి. ఆడుతూ ఆడుతూ మధ్యలో సెట్టును ముక్కు దగ్గరికి తెచ్చుకుని గట్టిగా పీల్చుకుంటారట. ఇంకొందరికి అదే వాసన భయం, ఏదో మాడిపోతోందని. ఫ్యాను చప్పుడుతో కూడా ఇదే గోల. వాసన పోవడం లేదని ఒకరు, ఉన్న వాసన పోయిందని ఇంకొకరు, ఫ్యాను చెవుల్లో దూరి చంపుతోందని మరొకరు, అందరూ సెట్టు మాకు పంపించి డబ్బు వెనక్కి ఇమ్మనేవాళ్ళు.

ఆ గదిలో కిటికీలు తెరవకూడదు. పౌడరు రాసుకోకూడదు, సెంటు పూసుకోకూడదు, మధ్యాహ్నం తిన్న చెయ్యి సరిగ్గా కడుక్కోకపోయినా ముక్కక్క లేపి బయటికి పంపేది. గదిలో మూడు బల్లలు వరసగా ఉండేవి. మొదటిది చప్పుడు బల్ల. అక్కడ సెట్టులో ఆట నడిపి, ఫ్యాను పూర్తిగా తిరిగేదాకా ఆగి, వెనక వైపు చెవి ఆనించాలి. ఆపకుండా సన్నగా మోగితే దోమ. వేగం పెరిగినప్పుడల్లా కూస్తే ఈల. లోపల ఏదో రాసుకుంటుంటే గురక. అక్కడి నుంచి సెట్టు వేడివేడిగా రెండో బల్లకి, అంటే ముక్కక్క దగ్గరికి వెళ్ళేది. మూడోది ప్యాకింగ్ బల్ల, నాది. నన్ను నోరు అనేవాళ్ళు. ఎందుకన్నారో ఇది చదువుతున్నవాళ్ళకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ముక్కక్క తీర్పులు మూడే. కొత్త అంటే ఫ్యాక్టరీ వాసన, వాడగా వాడగా అదే పోతుంది. మాడు అంటే లోపల ఏదో కాలింది, విప్పి చూడాలి. మూడోది మనిషి. మనిషి అంటే సెట్టులో తప్పేం లేదు, కొన్నవాడి వాసనే దానికి పట్టిందని అర్థం. సిగరెట్టు, చెమట, తడి దుప్పటి, పెంపుడు కుక్క, అన్నీ మనిషి కిందికే వస్తాయి. మనిషి అని స్టిక్కరు పడిందంటే ఇక డబ్బు లేదు, దస్కం లేదు, సెట్టు వచ్చినదారినే వెనక్కి పోతుంది. కంపెనీకి ఆ స్టిక్కరంటే ప్రాణం. అందుకే మేనేజరు ముక్కక్కను అమ్మా అని పిలిచేవాడు, మమ్మల్నేమో ఏయ్ అని.

ఆమె ఆ మాట అనే తీరు వేరుగా ఉండేది. కళ్ళు మూసుకుని, సందుకు ముక్కు ఆనించి, గుండెల నిండా పీల్చి, సెట్టును కాస్త దూరంగా జరిపి, పెదవి విరిచి, "మనిషి" అనేది. ఒకసారి ఒక సెట్టు వచ్చింది. చప్పుడు బల్ల మీద దాన్ని దోమ అని తేల్చారు, ఫ్యాను నిజంగానే పాడైంది. ముక్కక్క వాసన చూసి, "మందుల వాసన. పక్కలోనే ఎవరో రోగి ఉన్నారు. మనిషి" అంది.

"పాపం అక్కా, మంచం పట్టినవాళ్ళదేమో. ఫ్యాను కూడా నిజంగానే పాడైంది కదా" అన్నాను.

"ఫ్యాను సంగతి ఆ బల్ల చూసుకుంటుంది. నా బల్ల మీదికొచ్చినదానికి నా లెక్కే."

రెండు తీర్పులుంటే పెద్ద తీర్పే చెల్లుతుంది, పెద్ద తీర్పు ఎప్పుడూ ఆమెదే. ఆ రోగి సెట్టును నేనే మళ్ళీ పెట్టెలో పెట్టి టేపు వేశాను.

ఇంట్లోనూ అదే వరస. వాళ్ళ పక్క వాటాలోనే మేం అద్దెకుండేవాళ్ళం, మధ్యలో ఒక్క గోడ. ఆమె భర్త అద్దాలు కోసే కొట్లో పనిచేసేవాడు, నెమ్మదస్తుడు. పని నుంచి రాగానే గడప దగ్గర ఆగేవాడు, ఆమె కాలరు దగ్గర వాసన చూశాకే లోపలికి అడుగుపెట్టేవాడు. ఒకరోజు ఆ కాలరు మీద ఆమెకు తెలియని తలనూనె వాసన తగిలింది. "మనిషి" అని, అతని బట్టలు ఒక సంచిలో కుక్కి బయట పెట్టింది. అతను ఎన్నాళ్ళ నుంచో ఆ మాట కోసమే చూస్తున్నవాడిలా సంచి అందుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు పని నుంచి వస్తూ బస్సులో అతను కూర్చునే నిద్రపోయాడనీ, పక్కనున్న ముసలాయన నూనె తల అతని భుజం మీద వాలిందనీ అదే బస్సులో వచ్చిన మా ఆయన తర్వాత చెప్పాడు. నేను ఆగలేక వెంటనే వెళ్ళి ముక్కక్క చెవిన వేశాను.

"అయితే ఏం? వాసన అబద్ధం కాదుగా" అంది.

తల్లి పోయాక ముక్కక్క చెల్లెలు అక్క దగ్గరికే వచ్చేసింది. వయసులో చాలా తేడా, చెల్లెలికి జడ వేసిందీ, అక్షరాలు దిద్దించిందీ అక్కే. ఆ మాట నేను కాదనను. పెద్దదయ్యాక తెచ్చి చప్పుడు బల్ల దగ్గర కూర్చోబెట్టించింది. సన్నటి పిల్ల, మాట తక్కువ, వినికిడి మాత్రం అద్భుతం. సెట్టు ఇంకా తన చేతిలోకి రాకముందే అది దోమో ఈలో చెప్పేసేది. ముక్కు, చెవి ఒకే ఇంట్లో ఉన్నాయి, నోరు పక్కింట్లో ఉంది, ఇక కళ్ళు ఒక్కటే తక్కువ అని గదిలో అందరూ ఆట పట్టించేవాళ్ళు.

ఒక ఏడు వానల్లో ముక్కక్కకు జ్వరం తగిలింది. ఒళ్ళు ఎండిపోయి, మొహం పీక్కుపోయి తిరిగొచ్చింది. వచ్చిన మొదటిరోజు మధ్యాహ్నం టీ పెట్టుకున్నాం. పాలు పొద్దుటివి, ఉక్కకు పాడైపోయాయి, గిన్నె మూత తీయగానే పులిసిన కంపు కొట్టింది. పారబోద్దామని పక్కన పెట్టాను. ముక్కక్క వచ్చి ఆ పాలే తన టీలో పోసుకుని గుక్క తాగింది. మొహంలో ఏ మార్పూ లేదు. నేను ముక్కున వేలేసుకున్నాను. చెల్లెలు వచ్చి గ్లాసు చేతిలోంచి తీసేసుకుని, "చల్లారిపోయిందక్కా, వేరేది తెస్తా" అని పట్టుకెళ్ళింది. వెళ్తూ నా వైపు ఒకసారి చూసింది.

నా నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు. కానీ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇందులో మంచితనమేం లేదు. ముక్కక్క లాంటి మనిషి గుట్టు మన గుప్పిట్లో ఉంటే ఆ సుఖం వేరు, దాన్ని తొందరపడి ఖర్చు చేసుకోబుద్ధి కాలేదు.

రెండు మూడు రోజులు గమనిస్తే వాళ్ళ ఏర్పాటు తెలిసిపోయింది. చెల్లెలు చెవి ఆనించినప్పుడు తల కాస్త పైకి జరిపి గాలి సందు వాసన కూడా చూసేది. తర్వాత సెట్టును అక్క ముందు పెట్టేది. తెర పైకి ఉంటే కొత్త. తెర కిందికి ఉంటే మాడు. అంచు మీద నిలబెడితే మనిషి. ముక్కక్క ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చి, కాస్త ఆలోచించినట్టు ఆగి, తీర్పు చెప్పేది. నాటకం మాత్రం మునుపటికంటే బాగా ఆడేది.

ముక్కక్క డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. వాసన తెలిసే శక్తి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట. గోడకు ఇవతలున్న నాకు ఆమె వంటింట్లో డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీస్తున్న చప్పుడు తెల్లవారగానే వినిపించేది. కిరోసిను, కాఫీపొడి, ఫినాయిలు, ఏది దొరికితే అది ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది కాబోలు, మూత పెట్టేసి ఇంకోటి తీసేది. ఆమె భయపడిందని నాకు తెలుసు. కుర్చీ పోతే ఆమెకు ఏమీ మిగలదు. భర్తను తోలేసుకుంది, స్నేహితులు లేరు, గదిలో ఆమెను చూసి లేచి నిలబడేవాళ్ళందరూ ఆ కుర్చీకే లేచి నిలబడేవాళ్ళు. భయపడిన ముక్కక్క మామూలు ముక్కక్క కంటే చెడ్డది. చెల్లెలు చేస్తున్న సాయానికి ఒక్కరోజు మంచిమాట అనకపోగా, ఇంటికి రాగానే సాధింపు మొదలుపెట్టేది. సెట్టు అంత ఆలస్యంగా పెట్టావేమిటి, అంచు మీద సరిగ్గా నిలబెట్టలేదేమిటి, నా వైపు చూస్తావెందుకు, అందరికీ తెలియాలనా. పిల్ల సరేనక్కా అనేది. వినీ వినీ నాకే విసుగొచ్చేది.

వెనక్కి వచ్చిన సెట్లను మా దగ్గరికి తెచ్చే వ్యాను డ్రైవరు ఒకతను ఉండేవాడు. పొడుగ్గా, నవ్వు మొహంతో ఉంటాడు. ఒకరోజు పెట్టెలు దింపాక చెల్లెల్ని బయటికి పిలిచి, "మా బండి చప్పుడు చేస్తోంది. ఇది దోమో ఈలో కాస్త చూసి చెప్పండి" అన్నాడు. ఆ పిల్ల నిజంగానే బానెట్టుకు చెవి ఆనించి, శ్రద్ధగా విని, "గురక" అంది. అతను పడీపడీ నవ్వాడు. ఆ పిల్ల నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ తర్వాత బండికి రోజూ ఏదో ఒక జబ్బు వచ్చేది.

ఇలా కొన్నాళ్ళు నడిచాక అతను పద్ధతిగా ముక్కక్క బల్ల దగ్గరికే వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

"అక్కయ్యగారూ, మీతో ఒక మాట మాట్లాడాలి. సాయంత్రం ఇంటికి రానా?"

"ఇంటికెందుకు, ఇక్కడే చెప్పు."

అతను గది చుట్టూ చూశాడు. మేమందరం పనిలో మునిగిపోయినట్టు తలలు వంచుకున్నాం. "మీ చెల్లెల్ని పెళ్ళి చేసుకుందామని. తనకీ ఇష్టమే. మా అమ్మకి కూడా చెప్పాను. పెళ్ళయ్యాక మా ఊళ్ళో ఉంటాం, నాకు అక్కడ వేరే లైను ఇస్తామన్నారు" అన్నాడు.

మా ఊళ్ళో అన్న మాట దగ్గర ముక్కక్క మొహం మారింది. అది నేను స్పష్టంగా చూశాను. చెల్లెలు వెళ్ళిపోతే చప్పుడు బల్ల మీద ఇంకెవరో కూర్చుంటారు. సెట్టు ఎలా పడితే అలా వస్తుంది. ఇక పీల్చడం ఒక్కటే మిగులుతుంది, పీల్చినా తెలిసేదేం లేదు.

ఆమె లేచింది. అతని ముందుకు వెళ్ళి నిలబడింది. మడమలు ఎత్తి, అతని కాలరు దగ్గర ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చింది.

"నిన్న తాగావు" అంది. "పొద్దున కూడా కాస్త పుచ్చుకునే వచ్చావు."

అతను నవ్వాడు. "తమాషా చేస్తున్నారు. నేను మందు ముట్టనండీ."

"ఆడవాళ్ళ పౌడరు వాసన కూడా ఉంది. మీ అమ్మది అంటావేమో. మీ అమ్మ అంత ఖరీదైనది పూసుకోదులే." వెనక్కి జరిగి, పెదవి విరిచి, "మనిషి" అంది.

గదిలో ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. ముక్కక్క ముక్కు తప్పు చెప్పదని మా గదిలో అందరి నమ్మకం. అతని నవ్వు ఆగిపోయింది. అతను చెల్లెలి వైపు చూశాడు. ఆ పిల్ల ఏదో ఒకటి అంటుందని చూస్తూ నిలబడ్డాడు. ఆమె చేతిలో ఒక సెట్టు ఉంది, చెవి దానికి ఆనించి ఉంది, కళ్ళు బల్ల మీద ఉన్నాయి. అక్కకు వాసన రాదన్న ఒక్క మాట చాలు. ఆ మాట రాలేదు. అతను చాలాసేపే ఆగి, వెళ్ళిపోయాడు. నాకైతే లేచి ఆ మాట నేనే అనేద్దామనిపించింది. అనలేదు. నా సంగతి ఇక్కడ ముఖ్యం కాదు.

మధ్యాహ్నం ఆ పిల్ల గేటు దగ్గరికి పరిగెత్తింది. నేను అట్టపెట్టెలు దింపించుకుంటూ అక్కడే ఉన్నాను. వ్యాను ఇంజను ఆపకుండానే అతను కిందికి దిగాడు.

"నేను తాగనని నీకు తెలుసు కదా" అన్నాడు.

"తెలుసు. మా అక్కకి అసలు వాసనే రాదు. జ్వరం వచ్చినప్పట్నుంచీ రావట్లేదు. నాకు మాత్రమే తెలుసు."

"మరి అందరూ వింటుంటే చెప్పలేదేం?"

"చెప్తే అక్క కుర్చీ పోతుంది."

"నా పరువు పోయింది కదా, ఫరవాలేదా?"

ఆమె ఏడ్చింది. అతనికి జాలి వేసినట్టే కనబడింది, కానీ బండెక్కాడు. "ఆ కుర్చీ దగ్గరే ఉండు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. మర్నాటి నుంచి పెట్టెలు వేరే డ్రైవరు తెచ్చాడు. ఏ జబ్బూ లేని బండి, ఎప్పుడొచ్చేదో ఎప్పుడు పోయేదో కూడా తెలిసేది కాదు.

ఆ సాయంత్రం గోడ అవతల మాటలు వినిపించాయి. చెవి పెట్టాల్సిన అవసరం కూడా రాలేదు.

"నీ మంచికే చేశాను" అంటోంది ముక్కక్క.

"నీకు వాసన రాదు కదక్కా."

"వాసన రాకపోతే మనుషులు ఎలాంటివాళ్ళో ఆమాత్రం తెలియదా నాకు? నువ్వు వాడి వెంట పోతే నా గతేం కావాలి? ఒక్కసారైనా ఆలోచించావా? నిన్ను పెంచిందెవరు?"

చెల్లెలు గిన్నెలు కడుగుతున్న చప్పుడు మామూలుగానే వినిపించింది.

తర్వాత కూడా ఆ పిల్లలో తేడా ఏం కనబడలేదు. పొద్దున్నే అక్క వెనకే వచ్చేది, చెవి ఆనించేది, సెట్టు పెట్టేది. తెర పైకి, తెర కిందికి, అంచు మీద. ముక్కక్కకు ధైర్యం వచ్చింది. మునుపటిలాగే మమ్మల్ని చేతులు కడుక్కోలేదని బయటికి తోలడం మొదలుపెట్టింది. ఎవరు కడుక్కోలేదో ఆమెకెలా తెలుస్తుంది, ఎవరో ఒకరిని వేలు పెట్టి చూపించేది, వాళ్ళు నోరు మూసుకుని వెళ్ళి మళ్ళీ కడుక్కునొచ్చేవాళ్ళు.

ఒకరోజు మేనేజరు ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇలాంటి చోటే ఇంకొకటి పెట్టాలనుకుంటున్నవాళ్ళట. గది అంతా చూపించి, చివరికి ముక్కక్క కుర్చీ దగ్గర ఆగి, "ఈవిడే. మా దగ్గర మెషిన్లేం లేవు, ఈవిడ ముక్కే మెషిను" అన్నాడు. ముక్కక్క చీర కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

చెల్లెలు మూతి బిగించిన ప్లాస్టిక్కు సంచిలోంచి ఒక సెట్టు తీసింది. తీసీ తీయగానే నా ప్యాకింగ్ బల్ల దాకా వాసన కొట్టింది. లోపల బ్యాటరీ ఉబ్బి పగిలితే వచ్చే వాసన అది, కుళ్ళిన పండులా తియ్యగా ఉండి, ముక్కు లోపల సూదులు గుచ్చుతుంది. ఎవరికైనా తెలుస్తుంది. ఆ పిల్ల దాన్ని ఆన్ చేయను కూడా లేదు. ఒక్క క్షణం చెవి ఆనించి, తీసుకెళ్ళి అక్క ముందు పెట్టింది.

తెర పైకి పెట్టింది.

పెద్దమనుషుల్లో ఒకాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. మేనేజరు జేబులోంచి రుమాలు తీశాడు. ముక్కక్క కళ్ళు మూసుకుంది కాబట్టి ఇవేవీ చూడలేదు. సందుకు ముక్కు ఆనించి, అందరికీ వినిపించేలా పీల్చింది. కాస్త ఆలోచించినట్టు ఆగింది.

"కొత్త" అంది. "భయపడాల్సిందేం లేదు. నాలుగు రోజులు ఆడుకుంటే అదే పోతుంది."

రెండో పెద్దమనిషి కూడా గుమ్మం వైపు జరిగాడు.

"ఇంకొక్కసారి చూడండమ్మా" అన్నాడు మేనేజరు, రుమాల్లోంచి.

"నా ముక్కు మీదే అనుమానమా సార్?" అని ఆమె నవ్వింది. అతిథులు ఉన్నారని ఈసారి ఇంకా గట్టిగా పీల్చింది. వాసన తెలియకపోయినా మంట తెలుస్తుంది కదా. కళ్ళ వెంట నీళ్ళు కారాయి, గొంతు పట్టుకుని దగ్గింది. దగ్గుతూ సెట్టును తిప్పి చూసింది. వెనక మూత పొట్టలా ఉబ్బి, ఒక మూల విచ్చుకుని ఉంది. అప్పుడామెకు అర్థమైంది. తల తిప్పి చెల్లెలి వైపు చూసింది. చెల్లెలి చెవి అప్పటికే ఇంకో సెట్టుకు ఆనించి ఉంది.

"దోమ" అని చెల్లెలు దాన్ని పక్కన పెట్టింది.

మేనేజరు ఆమె మీద కేకలేం వేయలేదు. కేకలేసి ఉంటే బాగుండేది, కనీసం ఏడవడానికి వీలుండేది. మర్నాడు పొద్దున్నే మా అందరి ముందూ చాలా మర్యాదగా మాట్లాడాడు. వెనక రేకుల షెడ్డులో బ్యాటరీ గది ఉంది. ఉబ్బిన బ్యాటరీలను ఏదో ఘాటైన మందు పోసి జిగురు వదిలించి ఊడదీసే చోటు. వాసనకు తలనొప్పి వచ్చి, వాంతులై, అక్కడ పెట్టినవాళ్ళందరూ మానేసి పోతున్నారు.

"అక్కడ ఎవరూ నిలవట్లేదమ్మా. మీకైతే ఇబ్బంది ఉండదు కదా" అన్నాడు.

ఆమె ఏదో అనబోయింది. ముక్కు మళ్ళీ పనిచేస్తుందని డాక్టరు చెప్పాడనబోయిందేమో. తల కొట్టేసినట్టు నిలబడి, చివరికి తన స్టీలు గ్లాసు తీసుకుని షెడ్డు వైపు నడిచింది. చప్పుడు బల్ల మీదికి కొత్తగా ఒకామెను తెచ్చారు. ముక్కక్క కుర్చీలో చెల్లెలిని కూర్చోమన్నారు. ఆ పిల్ల వద్దనలేదు. ఎత్తు సరిచేసుకుని కూర్చుని, మొదటి సెట్టు అందుకుంది.

ఒక్క ఇంట్లోనే ఉండేవాళ్ళు, ఎక్కడికి పోతారు. సాయంత్రం ఇద్దరూ కలిసే ఇంటికొచ్చేవాళ్ళు, కాకపోతే చెల్లెలు నాలుగడుగులు ముందు నడిచేది. షెడ్డుకు వెళ్ళిన మొదటి వారంలోనే గోడ అవతల ఆ మాట వినిపించింది.

"అక్కా, ఆ మందు వాసన ఇంట్లోకి కూడా వచ్చేస్తోంది. స్నానం చేసి లోపలికి రా."

ముక్కక్క స్నానం చేసి వచ్చింది. మర్నాడు చెల్లెలు, బట్టలు బయటే తీసి ఆరెయ్యమంది. ఆరేసింది. తర్వాత చాప గుమ్మం వైపు జరుపుకోమంది. ఆ తర్వాత కంచం వేరుగా పెట్టుకోమంది. చెల్లెలు ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. "నాకేం లేదక్కా, తల పగిలిపోతోంది, అందుకే అంటున్నా" అనేది. ఒకప్పుడు మగాణ్ణి గడప దగ్గర నిలబెట్టిన మనిషి, ఏది చెబితే అది చేసేది. అంతకుముందు ఆమెను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు చూడలేకపోయేదాన్ని.

ఒక సాయంత్రం ఆమె మా గుమ్మంలోకి వచ్చింది. తల తడిగా ఉంది, జాకెట్టు వీపున అతుక్కుపోయి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. గోడకు ఆనుకుని ఆ చివరే నిలబడింది.

"నువ్వు ఉన్నమాట మొహం మీదే అనేస్తావు. అందుకే నీ దగ్గరికొచ్చా. కాస్త దగ్గరికొచ్చి చూసి చెప్పు. నా దగ్గర వాసన వస్తోందా?"

నేను వెళ్ళాను. కాలరు లేదు కాబట్టి మెడ దగ్గరే చూశాను. తడి జుట్టు, సబ్బు. ఇంకేం లేదు. చేతులు కూడా ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఆ చేతులు మందుకు పగిలిపోయి ఎర్రగా ఉన్నాయి, కానీ వాసన మాత్రం లేదు. చెల్లెలు అబద్ధం చెబుతోందని నాకు అప్పుడే తెలిసింది.

"ఏం లేదక్కా. సబ్బు వాసన."

"సరిగ్గా చూశావా?"

"సరిగ్గానే చూశా."

నా మొహంలోకి పరీక్షగా చూసింది. చెల్లెలు అబద్ధం చెబుతోందేమోనన్న అనుమానం ఆమెకు లేకపోలేదు, లేకపోతే నా దగ్గరికి రాదు. రాని వాసన వచ్చిందని చెప్పడం ఎంత తేలికో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు. కానీ ఉన్న వాసన లేదని చెప్పడం కూడా అంతే తేలిక. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తేల్చుకోవడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

"జాలిపడి అంటున్నావు" అంది. "ఉంటే ఉందని చెప్పు, నేనేం అనుకోను."

"ఒట్టు అక్కా. లేదు."

"నీకు పక్కవాళ్ళ వాసన అలవాటైపోయి ఉంటుంది."

గోడ అవతలి నుంచి చెల్లెలు పిలిచింది. "అక్కా, స్నానం అయిందా?"

ముక్కక్క నా వైపు ఇంకోసారి చూసింది. "లేదే" అంది. "ఇంకా పోసుకోలేదు. ఇదిగో, ఇప్పుడే పోసుకుంటున్నా."

తడిబట్టలతోనే మళ్ళీ స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను లోపలికొచ్చి అన్నం వండుకోవడం మొదలుపెట్టాను. బియ్యం కడుగుతున్నంతసేపూ అవతల బకెట్టు నిండుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.